నా బదులు మాట్లాడిన అక్క

మా మేనకోడలి కూతురు ఈమధ్యే ఏదో కంపెనీలో చేరింది. కొద్ది నెలలైనా కాలేదు, తన టీమ్‌లో ఒకావిడ "మానిప్యులేటివ్" అని ఫోన్‌లో చెప్పింది. అంటే ఏమిటే అని అడిగాను. "మనల్ని తనకు కావలసినట్టు ఆడిస్తుంది అమ్మమ్మా, కానీ పట్టుకుందామంటే ఒక్క అబద్ధమూ దొరకదు" అంది.

అలాంటి మనిషి పక్కన నేను ఏళ్ల తరబడి పనిచేశాను. ఆవిడ చేస్తున్నది ఏమిటో చెప్పడానికి నా దగ్గర మాట లేదు. మాట లేదు కాబట్టి, అసలు ఏమీ జరగడం లేదనే అనుకున్నాను. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటి వాళ్లు చదువుతారని ఆ సంగతి రాస్తున్నాను.

నేను టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. మొదటి పోస్టింగ్ ఆర్మూర్. ఎనభైల మధ్యలో సంగతి. మాది కృష్ణా కాలువల కింది పల్లె, అప్పటిదాకా గుంటూరు దాటి ఎరగను. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేశారు. నాన్న తోడొచ్చాడు. నిజామాబాద్‌లో రైలు దిగి, బస్సెక్కి ఆర్మూర్ చేరేసరికి బస్టాండులో ఒకామె మా కోసం నిలబడి ఉంది. ఎక్స్చేంజ్‌లో సీనియర్ ఆపరేటర్. నాకంటే పదేళ్లు పెద్దదేమో. చేతిలో టిఫిన్ క్యారియర్. ఆఫీసులో నా పేరు వినగానే, ఆడపిల్ల అంత దూరం నుంచి వస్తోందని వంట చేసి తెచ్చిందట. నాకు గది కూడా చూసిపెట్టింది. ఆ రోజు సాయంత్రం తిరుగు బస్సు ఎక్కబోతూ నాన్న ఆమెకు దణ్ణం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపేసింది.

"ఏం ఫికర్ చెయ్యకుండ్రి. నా సొంత చెల్లె లెక్క చూసుకుంట" అంది.

నాన్న నాతో చివరగా అన్నది ఒకటే, ఆవిడ చెప్పినట్టు విను అని. విన్నాను.

ఆమెను అందరూ అక్క అనే పిలిచేవారు. నేనూ అక్కా అనే అన్నాను. భర్త దుబాయ్‌లో ఉండేవాడు. ఆ పక్క చాలా ఇళ్లలో మగవాళ్లు అలా వెళ్లినవాళ్లే. పిల్లలు లేరు. రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. ఎప్పుడు చూసినా ఇస్త్రీ చీర, నూనె రాసి బిగించిన జడ, ఎవరొచ్చినా నవ్వు మొహం. ఆఫీసులో ఎవరికి ఏ పనున్నా అక్కకు చెప్తే అయిపోయేది.

నా గది ఒక పెద్దమ్మ ఇంట్లో. పసుపు, మక్కజొన్న పండించే కుటుంబం. కొడుకులు ఊళ్లో సేద్యం చూసుకునేవారు, ఆమె ఈ ఇంట్లో ఒక కోడలితో ఉండేది. చేరిన మొదటి వారమే ఆమె గోడ అవతలి వాళ్లకు నా గురించి చెప్తుంటే విన్నాను. "మా ఇంట్లకు ఒక పొల్ల వచ్చింది. నౌకరి చేస్తది. టెలిఫోన్ల అక్క దోలుకొచ్చింది."

మా వైపు నౌకరు అంటే పనిమనిషి. తోలుకురావడం గొడ్లకు వాడే మాట. ఇంటర్మీడియెట్ ఫస్ట్ క్లాసులో పాసై, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్న నన్ను ఎవరో పనిమనిషిని గొడ్డులా తోలుకొచ్చారని చెప్పుకుంటున్నారు. మర్నాడు డ్యూటీలో అక్కను అడిగాను, ఆవిడ నన్ను అలా ఎందుకంది అని.

అక్క కాసేపు నా మొహంలోకి చూసింది. "ఇక్కడోళ్ల మాటలు గట్లనే ఉంటయ్ చెల్లె. నువ్వు మనసుకు తీసుకోకు. నేనున్న గద" అంది.

నౌకరి అంటే ఉద్యోగం అనీ, తోలుకురావడమంటే వెంటపెట్టుకు రావడమనీ అక్కకు తెలియకపోవడమేమిటి, అది ఆమె సొంత భాష. ఆ రెండు ముక్కలు చెప్తే నేను నవ్వేసి వెళ్లి పెద్దమ్మ దగ్గర కూర్చునేదాన్ని. చెప్పలేదు. అబద్ధమూ చెప్పలేదు. కొన్ని నెలలకు ఆ మాటలకు అర్థం నాకే తెలిసింది గానీ, అప్పటికి నేను పెద్దమ్మ గుమ్మం ముందు తల దించుకుని పోవడం అలవాటు చేసుకున్నాను. అలవాటుకు కారణం పోయినా అలవాటు పోలేదు.

ఎక్స్చేంజ్ అంటే ఒక అద్దె ఇల్లు. వెనక కిటికీ తీస్తే రాళ్ల గుట్ట కనిపించేది. ముందు గదిలో బోర్డు. చెక్క పలక నిండా రంధ్రాలు, చేతిలో తీగలు. ఎవరైనా ఫోన్ ఎత్తితే వాళ్ల నంబరు దగ్గర చిన్న రేకు మూత కింద పడేది, మేం తీగ గుచ్చి ఎవరు కావాలో అడిగి కలిపేవాళ్లం. పక్క ఊళ్లకైతే ట్రంక్ కాల్ బుక్ చేసుకోవాలి. శివరాత్రి దగ్గర పడేసరికి మార్కెట్‌కు పసుపు బండ్లు దిగేవి, వ్యాపారులు మహారాష్ట్రలో సాంగ్లీ మార్కెట్ ధర ఎంతో తెలుసుకోవడానికి పొద్దున్నుంచీ ఎగబడేవారు. ఆ సీజన్‌లో అక్కా నేనూ పక్కపక్కనే మాట్లాడే తీరిక లేకుండా పనిచేసేవాళ్లం. అయినా మధ్యాహ్నం అన్నం మాత్రం కలిసే తినేవాళ్లం. నా కోసం రోజూ ఏదో ఒకటి తెచ్చేది.

ఆ అన్నం దగ్గరే నాకు ఊరంతా తెలిసింది. అంటే, అక్క చెప్పిన ఊరు. "నీకు చెప్పొద్దు గని" అని మొదలుపెట్టేది. సగం చెప్పి ఆపేది. మా సూపర్‌వైజర్ నా గురించి ఏదో అన్నాడని చెప్పి, ఏమన్నాడని నేను అడిగితే, "వద్దులే, నీకు నిద్ర పట్టది" అనేది. మిగతా సగం నేనే పూరించుకునేదాన్ని. నిద్ర ఎలాగూ పట్టేది కాదు. సాయంత్రం షిఫ్టుకు వచ్చే కుర్రాళ్లు నా యాసను ఎగతాళి చేస్తున్నారని ఒకసారి, మా వైపు వాళ్లంటే ఇక్కడ పడదని ఒకసారి. నేను ఎవరితో మాట్లాడాలన్నా ముందు అక్క మొహం చూసేదాన్ని. ఆమె తల అడ్డంగా ఊపితే మానేసేదాన్ని.

సూపర్‌వైజర్ పొట్టిగా, మెల్లగా మాట్లాడే మనిషి. వయసు యాభై దాటింది. జర్దా నమిలేవాడు. నాతో ఎప్పుడు మాట్లాడాల్సి వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి, మొహం పక్కకు తిప్పుకుని, రెండు ముక్కలు చెప్పి పోయేవాడు. మిగతా వాళ్ల కుర్చీల దగ్గరికి వెళ్లి నవ్వుతూ మాట్లాడేవాడు. అక్క చెప్పింది నిజమే అనడానికి నాకు అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పెద్దమ్మ మొదట్లో గిన్నెలో కూరో పప్పో పంపేది. ఒక దశలో అది ఆగిపోయింది. ఎందుకాగిందో అడగలేదు. బతుకమ్మ రోజుల్లో ఆ వీధి ఆడవాళ్లంతా తంగేడు పూలతో, గునుగు పూలతో వాకిట్లో చేరారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎవరైనా పిలుస్తారేమోనని మంచి చీర కూడా కట్టుకున్నాను. అంతలో అక్క వచ్చింది. ఇవాళ ఒక్కదానివే కూర్చోకు, మా ఇంట్లో తిందాం పద అంది. పాట వినపడుతుండగా ఆ ఆడవాళ్ల పక్క నుంచే నడిచి వెళ్లాం. ఎవరూ నా వైపు చూడలేదు. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి లేకపోతే నేను ఏమైపోయేదాన్నో అనుకున్నాను.

ఒంటరితనం అంటే ఎవరూ లేకపోవడం అనుకుంటాం. నాకు ఒకరున్నారు. ఆ ఒక్కరూ ఉండబట్టే మిగతా ఎవరూ లేరని ఎలా తెలుస్తుంది? ఆదివారాలు గుట్ట మీద కాసేపు కూర్చుని, కింద డాబాల మీద మనుషులు ఒకరినొకరు పిలుచుకోవడం చూసి దిగి వచ్చేదాన్ని. ఇంటికి ఉత్తరం రాస్తే అందులో అక్క గురించి తప్ప రాయడానికి ఇంకో మనిషి ఉండేది కాదు. అమ్మ జవాబులో, ఆవిడ ఏ జన్మలో రుణపడిందో అని రాసేది.

అలా కొన్నేళ్లు గడిచాయి.

ఒక వానాకాలం అక్క సెలవు పెట్టి నవీపేట్‌లో ఏదో పెళ్లికి వెళ్లింది. అదే రోజు పోచంపాడ్ డ్యామ్ గేట్లు ఎత్తారని తెల్లవారుజాము నుంచి ఒకటే ఫోన్లు. ఆ వైపు లైను కూడా పడిపోయింది. లైన్‌మెన్లందరినీ అటు పంపి, బోర్డు మీద మనిషి లేకపోవడంతో సూపర్‌వైజరే వచ్చి కూర్చున్నాడు. కూర్చునే ముందు పెరట్లోకి వెళ్లి నోరు పుక్కిలించుకుని వచ్చాడు. స్టూలు నాకు వీలైనంత దూరంగా, బోర్డు ఆ చివరకు లాక్కున్నాడు. నా పక్కన కూర్చోవడం కూడా ఈయనకు కంపరంగా ఉందనుకున్నాను.

మధ్యాహ్నానికి ఒత్తిడి తగ్గింది. వాన పడుతోంది. ఆయన బోర్డు వైపు చూస్తూనే అడిగాడు.

"ఏమమ్మా, మీ ఇంట్లోళ్లు ఇంకా ఒప్పుకుంటలేరా?"

"దేనికి సార్?"

"ట్రైనింగ్‌కు. హైదరాబాద్‌ల."

నాకు అర్థం కాలేదని మొహం చూసి గ్రహించినట్టున్నాడు. మెల్లగా విడమరిచి చెప్పాడు. ఈ తీగల బోర్డులు పోయి అన్ని ఊళ్లకూ మెషిన్ ఎక్స్చేంజ్‌లు రాబోతున్నాయి. వాటి పని నేర్పడానికి ప్రతి చోట నుంచీ ఒకరిద్దరిని పిలుస్తున్నారు. నేర్చుకున్న వాళ్లకు మంచి పోస్టు ఇస్తారు, కోరుకున్న ఊరు దొరికే వీలు కూడా ఎక్కువ. నేను లెక్కలు చదివినదాన్ని కాబట్టి ఆయన నా పేరే అనుకున్నాడు.

"రెండుసార్లు అడిగిపిచ్చిన. రెండుసార్లు నువ్వు వద్దన్నవని అక్క చెప్పింది. ఇంట్ల పంపరంట, నీకు గూడ ఇష్టం లేదంట."

"నన్నెవరూ అడగలేదు సార్."

ఆయన నా వైపు తిరిగాడు. అన్నేళ్లలో ఆయన మొహం అంత దగ్గరగా చూడడం అదే మొదలు. ఏదో లెక్క తప్పినట్టు, ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు చూశాడు.

"మరి నువ్వు నాతోని ఎందుకు మాట్లాడకపోయేది?"

"మీకు నేనంటే పడదని... మీరు గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడేవారు."

ఆయన చెయ్యి నోటి దగ్గరికి పోయింది. "నా నోట్లె జర్దా వాసన నీకు పడదని చెప్పింది. కడుపుల తిప్పుతదని ఏడ్చినవంట. అందుకే దూరం నిలవడేది బిడ్డా. నీ తప్పేం లేదు, మా ఇంట్ల గూడ గదే అంటరు."

బోర్డు మీద ఏదో మూత పడింది. ఆయన తీగ గుచ్చి, నంబరు అడిగి కలిపాడు. మేమిద్దరం మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ మధ్యాహ్నమంతా పక్కపక్కన కూర్చుని పనిచేశాం. ఇద్దరికీ సిగ్గుగా ఉంది. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

డ్యూటీ దిగి వానలోనే ఇంటికి వచ్చాను. పెద్దమ్మ వసారాలో కూర్చుని మక్కకంకులు ఒలుస్తోంది. అన్నేళ్లలో మొదటిసారి నేనే వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను. నాకు కూర పంపడం ఎందుకు మానేశావని అడిగాను. మర్యాద లేదు, ముందూ వెనకా లేదు, సూటిగా అడిగేశాను.

ఆమె కంకి పక్కన పెట్టింది. "మా చేతిది తిననంటివట గద. నీకు మా ఇంటి కూడు పడదని అక్క చెప్పె. నేనేమన్న బలవంతం పెడుదునా బిడ్డా?"

"నేను అనలేదు పెద్దమ్మా."

"బతుకమ్మకు దోలుకరమ్మని గూడ చెప్పిన. రానన్నదని చెప్పె."

ఆ రోజు కట్టుకున్న చీర గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ నన్నెందుకు అడగలేదని అన్నాను. ఆమె రాలిన గింజలు దగ్గరికి నెట్టుకుంది. తర్వాత అంది, "అడుగుతె నిజమే అంటవేమోనని."

నేను కూడా అందుకే అడగలేదు. ఆయనా అందుకే అడిగి ఉండడు. ముగ్గురం మూడు చోట్ల అదే భయంతో నోరు మూసుకుని కూర్చున్నాం. అక్కకు పెద్ద శ్రమ కూడా అక్కర్లేకపోయింది.

అక్క తిరిగి వచ్చేలోపు ఒక ఆదివారం వచ్చింది. ఆ రోజంతా మాట కోసం వెతికాను. ఎదురుగా నిలబడి ఆమెను ఏమనాలి? అబద్ధాలకోరు అందామంటే ఆమె చెప్పినవాటిలో సగం నేను ఎప్పుడో ఏదో సందర్భంలో అన్నవే. మోసం అందామంటే నా దగ్గర ఏమీ గుంజుకోలేదు, పైగా రోజూ పెట్టింది. చాడీలు అనేది చిన్నమాట, పంపు దగ్గర ఆడవాళ్లు చెప్పుకునే వాటికి సరిపోతుంది. మా అమ్మయితే మాయలాడి అనేది, నంగనాచి అనేది. తియ్యగా మాట్లాడి తడిగుడ్డతో గొంతు కోసింది అనేది. అవన్నీ తిట్లు. తిట్టడానికి పనికొస్తాయి గానీ, జరిగింది చెప్పడానికి పనికిరావు. నాకు తిట్టాలని లేదు. జరిగినదాన్ని ఒక్క వాక్యంలో ఆమె ముందు పెట్టి, ఇదేనా అని అడగాలని ఉంది.

పెద్దమ్మను కూడా అడిగాను, మీ వైపు ఏమంటారని. ఆమె ఆలోచించింది. "కొండీలు చెప్పేటోళ్లను చూసిన, నడుమ పుల్లలు పెట్టేటోళ్లను చూసిన. దొంగతనం, లంగతనం అందామంటె పైస ముట్టలే. గీమె గట్ల గాదు బిడ్డా. కొట్లాట పెట్టలే. మనమే ఒగలకొగలం దూరమయ్యేటట్టు చేసింది. దానికి పేరేముంటది?" అని మళ్లీ కంకి అందుకుంది.

అక్క నవీపేట్ నుంచి నాకు గాజులు తెచ్చింది. డ్యూటీ మారే వేళ, వెనక గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని తొడగబోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"అక్కా, నేను ట్రైనింగ్‌కి వెళ్లనని ఎప్పుడన్నాను?"

ఆమె బెదరలేదు. గాజులు బల్ల మీద పెట్టి కూర్చుంది. "హైదరాబాద్ అంటె బుగులైతదని నువ్వే అన్నవ్ గద చెల్లె. నీ మాటనే చెప్పిన. నా మాట ఒక్కటి కలపలే."

అన్నాను. మొదటిసారి ఆ ఊరి స్టేషన్‌లో రైలు మారినప్పుడు ఎంత భయమేసిందో ఎప్పుడో అన్నం తింటూ చెప్పాను.

"మరి పెద్దమ్మ కూర?"

"జొన్నరొట్టె తింటె కడుపు నొస్తుందని ఏడ్చినవా లేదా? నీ పానం మంచిగుండాలెనని చెప్పిన. గది గూడ తప్పయిందా?"

నేను ఇంకా ఏదో అడగబోయాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నటన అని నేను ఇప్పటికీ అనలేను. "సార్ మాట నమ్మినవ్. ఇంటామె మాట నమ్మినవ్. గిన్నేండ్లు నీతోని తిన్నదాన్ని, నేను పరాయిదాన్నయిన. మా ఆయన గూడ గిట్లనే, ఎవళ్లో చెప్పింది విని ఉత్తరం రాసుడు బంద్ చేసిండు" అంది. ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంటుంటే, నేను లెక్కపెట్టుకుని తెచ్చుకున్న ప్రశ్నలన్నీ ఒకదానివెంట ఒకటి నేరాల్లా కనిపించాయి, నా నేరాల్లా.

తప్పయింది అక్కా, ఊరికే అడిగాను అన్నాను. గాజులు తొడిగించుకున్నాను.

బయటికి వచ్చి తడిసిన రోడ్డు మీద నడుస్తూ సగం దూరం పోయాక ఆగిపోయాను. అడగడానికి వెళ్లింది నేను. క్షమాపణ చెప్పి వచ్చిందీ నేనే. అది ఎక్కడ, ఏ మాట దగ్గర తిరగబడిందో ఎంత వెనక్కి వెళ్లి చూసుకున్నా దొరకలేదు. అక్కడే నిలబడి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పంచుకోవడానికి నాకు తెలిసిన మనిషి మళ్లీ అక్కే.

తర్వాత కూడా మేం ఒకే బోర్డు మీద పనిచేశాం. నేను తక్కువ మాట్లాడేదాన్ని. ఆమె సంగతులు చెప్తే విని ఊరుకునేదాన్ని. ట్రైనింగ్ పిలుపు మళ్లీ మా ఎక్స్చేంజ్‌కు రాలేదు. కామారెడ్డి నుంచి వెళ్లినతను తర్వాత మాకే పై అధికారిగా వచ్చాడు, మంచివాడు. పెద్దమ్మ గిన్నె మళ్లీ రావడం మొదలైంది. కానీ ఆఫీసులో పరిస్థితి మారలేదు. అన్నేళ్లుగా నన్ను పలకరించని వాళ్లకు పలకరించకపోవడమే అలవాటైంది. వాళ్ల జట్లు వాళ్లకున్నాయి, వాళ్ల జోకులు వాళ్లకున్నాయి. ఒకరి వెంట పడి, ఇదిగో నేను మీరనుకున్న మనిషిని కాదు అని చెప్పుకోవడం ఎలా? నాకు గర్వం అనుకున్నారు. అనుకోనిచ్చాను.

అక్క ఇదంతా ఎందుకు చేసిందా అని ఎంతో ఆలోచించాను. సీజన్ షిఫ్టులు నా మీద వేయడానికా? కొన్నిసార్లు వేసింది, నిజమే. కానీ దానికోసం అంత అక్కర్లేదు, అడిగినా చేసేదాన్ని. నేను ట్రైనింగ్‌కు పోతే తను మళ్లీ ఒంటరిదవుతుందని కావచ్చు. నాకు ఇంకో మనిషి దొరికితే మధ్యాహ్నం అన్నం పంచుకునే మనిషి ఉండదని కావచ్చు. తెలిసే చేసిందా, అది ఆమెకు ఊపిరి తీసుకున్నంత సహజమా, నాకు తెలియదు. మీరు ఇప్పుడు ఒక్క ఇంగ్లీషు మాటతో తేల్చేసేదాన్ని నేను ఇంకా ఇటూ అటూ తిప్పి చూస్తున్నాను. మీ మాట తప్పని అనను. అది నాకు ఆనాడు దొరికి ఉంటే బతికిపోయేదాన్ని. కానీ మాట దొరికాక మనిషిని చూడడం మానేయకండి. మనిషి కనిపించిన చోట, పోయి నేరుగా అడగడం మానేయకండి. నిజమే అంటుందేమోనని భయమున్నా సరే.

తొంభైల మొదట్లో అక్క భర్త దుబాయ్ నుంచి తిరిగొచ్చి నిజామాబాద్‌లో దుకాణం పెట్టుకున్నాడు. ఆమె అక్కడికి బదిలీ చేయించుకుంది. వెళ్లే రోజు ఆఫీసులో వీడ్కోలు పెట్టారు. కుర్చీలు గోడ వారగా జరిపి, మధ్యలో బల్ల మీద దండ, శాలువా, జిలేబీ పొట్లాలు. ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. అక్క చేసిన సాయాలు చెప్పారు. అవన్నీ నిజాలే. పిల్లవాడికి జ్వరం వస్తే దవాఖానకు తీసుకుపోయింది, ఒకరి చెల్లెలి పెళ్లికి తన గొలుసు ఇచ్చింది. ఆమె తల వంచుకుని వింటోంది. చివరకు ఎవరో అన్నారు, అక్క పక్కన అందరికంటే ఎక్కువ కాలం కూర్చున్నది నేనే కదా, నేను రెండు మాటలు చెప్పాలని.

లేచి నిలబడ్డాను. ఏమీ చెప్పకూడదని ఇంటి దగ్గరే నిర్ణయించుకున్నాను. ఆమెను పొగడలేను, అంతమందిలో ఇంకోటి అనలేను. అందరూ నా వైపే చూస్తున్నారు. ఫ్యాన్ తిరుగుతోంది.

అక్క తన కుర్చీలోంచే మెత్తగా అంది, "దానికి మాట ఎల్తలేదు సార్. నేనంటె పానం దానికి. కూసోనియ్యుండ్రి."

అందరి మొహాల్లోకీ జాలి వచ్చింది. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు కూడా.

"కాదు" అన్నాను.

ఆ గదిలో నా గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినపడలేదు. "మాట వస్తుంది సార్. మాట్లాడకూడదనుకున్నాను, అంతే" అని కూర్చున్నాను.

సూపర్‌వైజర్ బల్ల మీది దండ వైపు చూస్తూ ఉన్నాడు. ఆయనదీ అది ఆఖరి సంవత్సరం. కాసేపటికి, చాయ్ పోయమని మెల్లగా అన్నాడు. గ్లాసులు తిరిగాయి. నా దగ్గరికి గ్లాసు తెచ్చినతను నా మొహం చూడకుండా ఇచ్చి పోయాడు. వెళ్లిపోయే మనిషిని ఆ రోజైనా నొప్పించకుండా ఉండాల్సిందని వాళ్లు తర్వాత చాలా రోజులు అనుకున్నారు. అనుకున్నట్టు నాకు వినపడేలాగే అనుకున్నారు.

జీపు ఎక్కే ముందు అక్క నా దగ్గరికి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని ఏమీ అనకుండా నిలబడింది. ఆ తర్వాత పక్కనున్న వాళ్ల వైపు తిరిగి, "పాపం, నేను పోతుంటె తట్టుకుంటలేదు, అందుకే గంత రోషం" అంది. వాళ్లు తలలూపారు. జీపు కదిలింది.

నేను అన్న ఒకే ఒక్క మాట, దాని అర్థం కూడా ఆమే చెప్పి పోయింది. అది విని నాకు కోపం రాలేదు. గేటు దగ్గర నిలబడి, జీపు బస్టాండు వైపు తిరిగేదాకా చూశాను.

మర్నాడు పసుపు సీజన్ ఒత్తిడి, పొద్దుటి నుంచి తల ఎత్తలేదు. మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికాక వెనక గదిలోకి వెళ్లి డబ్బా విప్పాను. పెద్దమ్మ పెట్టిన పచ్చిపులుసు, కొంచెం వంకాయ. కాసేపు తినకుండా అలాగే కూర్చున్నాను. తలుపు వైపు ఒకటి రెండుసార్లు చూశాను. తర్వాత, ఎవరూ రారని గుర్తొచ్చి, తినడం మొదలుపెట్టాను.